ఆయిలర్స్ క్యాప్ షీట్: ఇంకా ఒక్క రోజు తేడా

4,036 డాలర్లు. ఎన్‌హెచ్ఎల్ మంచు హాకీ లీగ్‌లో ఆడే కెనడా జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్, లీగ్ పెట్టిన జీతాల పరిమితిలో (దాన్నే క్యాప్ అంటారు) ఎంత వాడిందో లెక్కేసే నా షీట్‌కూ, పక్‌పీడియా అనే సైటు లెక్కకూ మిగిలిన తేడా అది. నిన్న రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా ఆ అంకె కదల్లేదు. పోయిన వారం తేడా 16,146 ఉండేది, అక్కడి నుంచి ఇక్కడిదాకా లాక్కొచ్చాను కాబట్టి సంతోషపడాల్సిందే, కానీ ఈ మిగిలిన ముక్క గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టుంది. మింగుడు పడదు, బయటికి రాదు.

ముందు బాగా కుదిరినవి చెప్పేస్తాను. జాక్ క్యాంప్‌బెల్ బైఅవుట్ (ఒప్పందం మధ్యలో తెంచుకుని కొంత జీతం ఇచ్చి పంపేయడం) వరస ఈసారి డాలర్‌తో సహా సరిపోయింది: మిగిలిన మూడేళ్ల జీతం 1.35 కోట్లు, అందులో మూడింట రెండొంతులు 90 లక్షలు, దాన్ని ఆరేళ్లకు పరిస్తే ఏడాదికి చేతికిచ్చేది 15 లక్షలు, క్యాప్ లెక్క సూత్రం వేరు కాబట్టి ఈ 2025-26 సీజన్ క్యాప్‌లో పడేది 23 లక్షలు. మెక్‌డేవిడ్ శాతాల పట్టిక కూడా అయిపోయింది. 2018-19లో క్యాప్ 7.95 కోట్లు ఉన్నప్పుడు అతని 1.25 కోట్లు 15.7 శాతం, ఈ ఏడు 9.55 కోట్లలో 13.1 శాతం, అక్టోబర్‌లో అదే జీతానికి రెండేళ్లు పొడిగించుకున్నాడు కాబట్టి వచ్చే ఏడు క్యాప్ 10.4 కోట్లయితే 12 శాతమే. ప్రపంచంలో అందరికంటే బాగా ఆడేవాడు ఒక్క డాలర్ కూడా పెంచమనలేదు. ఆ వార్త చూసిన రోజు నాకు పని మీద మనసు నిలవలేదు.

ఇప్పుడు అసలు తలనొప్పి.

నా షీట్ చేసే పని ఒకటే. సీజన్ మొదలైన అక్టోబర్ 7 నుంచి జట్టు ఏ రోజు ఎంత క్యాప్ వాడిందో కూడుకుంటూ పోతుంది. జీతాన్ని సీజన్‌లోని 192 రోజులతో భాగిస్తే ఒక రోజు ఖర్చు. డ్రైసైటిల్ 1.4 కోట్లు, మెక్‌డేవిడ్ 1.25, బూషార్డ్ 1.05, నర్స్ 92.5 లక్షలు, ఈ నలుగురే 4.625 కోట్లు, అంటే క్యాప్‌లో 48.4 శాతం. వీళ్లు ఎప్పుడూ పైనే ఉంటారు కాబట్టి వీళ్లతో పేచీ లేదు. పేచీ అంతా బేకర్స్‌ఫీల్డ్‌లో ఉన్న కింది స్థాయి జట్టు నుంచి పైకీ కిందికీ తిరిగే కుర్రాళ్లతో. కనీస జీతం 7.75 లక్షలు, రోజుకు 4,036 డాలర్లు. వచ్చిన రోజు, పోయిన రోజు సరిగ్గా రాసుకుంటే చాలు.

అలా సరిగ్గానే రాసుకున్నాననుకున్నా. నవంబర్ రెండో వారంలో పక్‌పీడియా అంకెతో పోల్చి చూస్తే నా షీట్ 16,146 డాలర్లు ఎక్కువ చూపిస్తోంది.

మొదట 192 మీద అనుమానం వచ్చింది. సెప్టెంబర్‌లో షీట్ కట్టేటప్పుడు ఆఖరి రోజు ఏప్రిల్ 16లోంచి అక్టోబర్ 7 తీసేస్తే 191 వచ్చింది, మొదటి రోజును కూడా కలుపుకోవాలని అప్పుడు తట్టలేదు. పైగా 9.55 కోట్లను 191తో భాగిస్తే సరిగ్గా 5,00,000 వస్తుంది, అంత గుండు అంకె కనిపించేసరికి అదే నిజమని నమ్మేశా. తర్వాత దిద్దుకున్నాను. అదే తప్పు ఎక్కడైనా మిగిలి ఉంటే రోజుకు 2,600 డాలర్ల చొప్పున తేడా పెరుగుతూ పోయి ఈపాటికి లక్ష దాటాలి. ఇక్కడ అలా పెరగడం లేదు. కొన్ని రోజులు గమ్మున ఉండి, ఒక రోజు ఒక్కసారిగా ఎగురుతోంది. అంటే భాగహారంలో తప్పు లేదు, రాకపోకల్లో ఉంది.

ఇక్కడ ఒక చిట్కా పనికొచ్చింది. తేడాను 192తో గుణించాను. 31 లక్షలు వచ్చింది. 31 లక్షలంటే 7.75 లక్షలు నాలుగు సార్లు. అంటే కనీస జీతం కుర్రాళ్ల లెక్కలో నాలుగు రోజులు ఎక్కువ పడ్డాయి. తేడాను రోజుల్లోకి మార్చుకున్నాక వెతకడం చాలా తేలికైంది, ఇలాంటి షీట్ నడిపేవాళ్లు ఎవరైనా ముందు ఈ పని చేయండి.

నాలుగు రోజులు ఎక్కడివి? అనంతపురంలో కూర్చుని ఎడ్మంటన్ వార్తలు రాసుకుంటున్నాను కదా, టైమే అయ్యుంటుందని ఊహించాను. కానీ వెంటనే ఇంకో అడ్డం వచ్చింది. రాకను ఒక రోజు ఆలస్యంగా, పోకను కూడా ఒక రోజు ఆలస్యంగా రాస్తే రెండూ కొట్టుకుపోవాలి, తేడా రాకూడదు. దీని మీద రెండు రాత్రులు పోయాయి. మూడో రోజు మా నాయన కరెంటు పోయిందని ఇన్వర్టర్ చూడడానికి లేచి, నా ఫోన్‌లో మోగిన అలర్ట్ విని, "ఏం నాయనా, ఈ టైమ్‌లో ఎవరు?" అని అడిగాడు. "ఎవరూ కాదు నాయనా, అమెరికా ఖండం వార్తలు" అన్నాను. టైమ్ చూస్తే రాత్రి పదిన్నర. అప్పుడు తట్టింది. అక్కడ పొద్దున పదింటికి కుర్రాణ్ణి పైకి పిలిచితే మనకు రాత్రి పదిన్నర, తేదీ అదే. ఆట అయ్యాక రాత్రి పదింటికి కిందికి పంపితే మనకు మరుసటి రోజు పొద్దున పదిన్నర, తేదీ మారిపోయింది. పిలుపులు ఎక్కువగా పొద్దున, పంపకాలు ఎక్కువగా రాత్రి. అందుకే రెండూ కొట్టుకుపోవడం లేదు, పోయి వచ్చిన ప్రతిసారీ నా షీట్‌లో ఒక రోజు అదనంగా కూడుతోంది.

సరే, ప్రతి వరసలోంచి 12 గంటల 30 నిమిషాలు తీసేశా. తేడా 8,073. రెండు రోజులు. ఆనందంతో లేచి రెండో కాఫీ పెట్టుకున్నా.

ఆ కాఫీ తాగుతుండగానే గుర్తొచ్చింది, అక్కడ నవంబర్ 2 దాకా గడియారం ఒక గంట ముందుంటుంది. అప్పటిదాకా మనకూ ఎడ్మంటన్‌కూ తేడా 11:30 గంటలే, ఆ తర్వాతే 12:30. అందుకే అక్టోబర్‌లో పొద్దున ఆరున్నరకు మొదలైన ఆటలు ఇప్పుడు ఏడున్నరకు మొదలవుతున్నాయి, నాకు ఇది తెలుసు, ఆటలు చూసేటప్పుడు తెలుసు, షీట్ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయా. అక్టోబర్‌లో ఒక పంపకం వార్త మన టైమ్ 11:45కు చూసి రాసుకున్నాను. అక్కడ అర్ధరాత్రి దాటి 12:15. నేను 12:30 గంటలు తీసేసరికి అది ముందు రోజు రాత్రి 11:15కు పోయింది. దాన్ని దిద్దాను.

తేడా 12,109కి పెరిగింది. మూడు రోజులు.

కరెక్టు దిద్దుబాటు చేస్తే లెక్క ఇంకా చెడడం నాకు ఇదే మొదటిసారి. కాసేపు లాప్‌టాప్ మూసేసి మిద్దె మీద తిరిగి వచ్చా. ఆలోచిస్తే అర్థమైంది, ఆ తప్పు ఇంకో తప్పును కప్పిపెట్టింది, ఒకటి తీసేసరికి రెండోది బయటపడింది. అది దొరకడానికి ఇంకో రోజు పట్టింది. కొన్ని వరసల్లో నేను టైమ్ రాయలేదు, తేదీ ఒక్కటే రాసుకున్నా, అదీ అక్కడి తేదీనే, బేకర్స్‌ఫీల్డ్ వైపు వార్తల్లోంచి ఎత్తి పెట్టినవి. టైమ్ లేని తేదీని షీట్ అర్ధరాత్రి 00:00 గా తీసుకుంటుంది. దాంట్లోంచి 12:30 గంటలు తీస్తే ముందు రోజు మధ్యాహ్నానికి పోతుంది. అలాంటివి రెండు, రెండూ పైకి పిలిచినవే, కాబట్టి ఇద్దరు కుర్రాళ్లు నా లెక్కలో ఒక రోజు ముందే వచ్చేశారు. ఆ రెండూ దిద్దితే మూడులోంచి రెండు పోయి ఒకటి మిగిలింది.

ఆ ఒకటే 4,036.

గూగుల్ షీట్స్ సెట్టింగుల్లో టైమ్‌జోన్ ఎడ్మంటన్‌కు మార్చుకోవచ్చు, మార్చాను కూడా, కానీ దానివల్ల ఈ రోజు తేదీ చూపించే సెల్లు మారతాయి తప్ప నేను ముందే చేత్తో కొట్టిన తేదీలు మారవు. కాబట్టి అది సీజన్ మొదటి రోజు చేసి ఉంటే పనికొచ్చేది. ఎక్సెల్ కంటే ఈ పనికి గూగుల్ షీట్సే నయం అని నా అభిప్రాయం, రాత్రి మంచం మీద నుంచి ఫోన్‌లో కూడా ఒక వరస కొట్టేయచ్చు. మా వదిన మిల్లు లెక్కలన్నీ లిబ్రేఆఫీస్‌లో చేస్తుంది, "అది ఫ్రీ కదా, దీంట్లో ఏం తక్కువ?" అంటుంది. తక్కువేం లేదు వదినా, ఫోన్‌లో ఇంత తేలిగ్గా కుదరదు, అంతే.

మిగిలిన ఒక్క రోజు మీద నా ఊహలు ఇవి. ఒకే రోజు పిలిచి అదే రోజు పంపిన కేసు ఉందేమో అనుకున్నా, కానీ అలాంటిదాన్ని నా షీట్ సున్నా రోజులుగా లెక్కిస్తుంది, అప్పుడు నా మొత్తం తక్కువ రావాలి, నాకు వచ్చింది ఎక్కువ. కొట్టేశా. తేదీ, నెల తారుమారయ్యాయేమో, అమెరికా పద్ధతిలో 11/10, మన పద్ధతిలో 10/11. అదైతే తేడా దాదాపు నెల రావాలి, ఒక రోజు రాదు. అదీ కొట్టేశా. టైమ్ లేని మూడో వరస ఏమైనా ఉందా అని మూడు సార్లు వెతికా, లేదు. ఇక మిగిలింది ఒకటే, నాకు గట్టి అనుమానం దీని మీదే. విలేఖరి రాత్రే "రేపు ఫలానా కుర్రాణ్ణి పైకి పిలుస్తారు" అని రాస్తాడు, జట్టు కాగితం మరుసటి రోజు పొద్దున కదుల్తుంది. నేను వార్త చూసిన టైమే రాసుకున్నాను. అలా ఒక్కసారి జరిగినా చాలు, సరిగ్గా ఒక రోజు ఎక్కువ వస్తుంది.

దీన్ని తేల్చడానికి ఒక దారి దొరికింది. ఆ అనుమానం ఉన్న రాత్రి కుర్రాడు బేకర్స్‌ఫీల్డ్ కాండోర్స్ తరఫున ఆడాడేమో చూడాలి. ఆడి ఉంటే ఆ రోజు అతను ఎడ్మంటన్ లెక్కలోకి రాడు. అనుమానం ఉన్నవి మూడు తేదీలు, మూడు స్కోర్‌షీట్లు, ఆదివారం పొద్దున ఉగ్గాని తినేసి కూర్చుంటా.

ఒక్క రోజుకు ఇంత అవసరమా అని అడిగేవాళ్లకు చెప్తున్నా, అవసరమే. ట్రేడ్ గడువు, అంటే జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి ఆఖరి రోజు, మార్చి 6. ఆ రోజుతో కలిపి సీజన్లో మిగిలేది 42 రోజులు. అప్పటిదాకా దాచుకున్న ఖాళీని ఆ 42 రోజుల్లో ఖర్చు పెట్టుకోవచ్చు కాబట్టి, రోజూ ఏడాది లెక్కన 10 లక్షల ఖాళీ ఉంచుకున్న జట్టు ఆ రోజు 45.7 లక్షల జీతం ఉన్న ఆటగాణ్ణి తెచ్చుకోగలదు. నా 4,036 కూడా అలాగే ఉబ్బి 18,452 అవుతుంది. నాలుగు రోజుల తప్పు అలాగే వదిలేసి ఉంటే 73,810. అంచున నడిచే జట్టుకు ఆ మాత్రం తేడాతో ఒక ఆటగాడు పట్టడమో పట్టకపోవడమో తేలిపోతుంది.

అసలు ఈ షీట్ మొదలుపెట్టిందే అలాంటి అంచు వల్ల. 2024 జూన్‌లో ఫైనల్ ఏడో ఆట 2-1తో ఫ్లోరిడాకు పోగొట్టుకున్నాం. జులైలో క్యాప్ లెక్కల సైటు క్యాప్‌ఫ్రెండ్లీ మూసేశారు, వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టు కొనుక్కుంది కాబట్టి. రోజూ పొద్దున పేపర్ లాగా తెరిచే పేజీ ఒక రోజు తెరుచుకోలేదు. ఆగస్టులో సెయింట్ లూయిస్ వాళ్లు మన కుర్రాళ్లు బ్రోబర్గ్‌కు 45,80,917, హాలొవేకు 22,90,457 చొప్పున ఆఫర్ షీట్లు ఇచ్చారు, అంటే మనవాళ్లు అదే జీతం ఇస్తే ఉంచుకోవచ్చు, లేదంటే పరిహారం తీసుకుని వదిలేయాలి. ఆ విడ్డూరపు అంకెలు ఎందుకంటే, ఇంకొక్క డాలర్ ఎక్కువైతే బదులుగా ఇంకా పెద్ద పరిహారం ఇవ్వాల్సి వస్తుంది, సరిగ్గా గీత మీద ఆపారు. మనవాళ్లు సరితూగలేక ఇద్దర్నీ వదిలేసి రెండో రౌండు పిక్ (కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే వంతు) ఒకటి, మూడో రౌండు పిక్ ఒకటి తీసుకున్నారు. ఆ వారం నాకు లెక్కలు చూసుకునే చోటు లేదు. పక్‌పీడియా బాగుంది, అబద్ధం చెప్పను, ఇప్పుడు దాన్ని మించింది లేదు, కానీ ఇక ఎవరి పేజీ మూసినా నా లెక్క నా దగ్గర ఉండాలని ఆ రోజే ఒక నోటుబుక్కు తీశా.

లైనప్‌ల పని, అంటే ఆ రాత్రి ఎవరు ఎవరితో ఆడతారో రాసుకోవడం, కూడా నడుస్తోంది. ఆట రోజు పొద్దున స్కేట్ (సాధన) అంటే మనకు రాత్రి పదకొండు ప్రాంతం. గోలీల్లో (గోల్ కీపర్లలో) ఎవరు ముందు మంచు మీద నుంచి దిగితే ఆ రాత్రి వాళ్లే మొదలుపెడతారని పట్టుకోవడం నాకు ఇప్పుడు అలవాటైంది. డైలీ ఫేస్‌ఆఫ్ సైటు లైన్లు మార్చేదాకా ఆగను, విలేఖరులు స్కేట్ దగ్గర నుంచి పెట్టే జతలే రాసుకుంటా. ఆఫీసులో హాకీ అంటే అందరికీ మా ఊరి ఆర్‌డీటీ హాకీ మైదానమే గుర్తొస్తుంది, "మంచు మీద కూడా ఆడతారా?" అని అడిగే ఒక పిల్లవాడికి పోయిన నెల మెక్‌డేవిడ్ వీడియో చూపించా, ఇప్పుడు రోజూ స్కోరు అడుగుతున్నాడు.

ఇక నుంచి ప్రతి రాకపోకకు రెండు గళ్లు పెడుతున్నా, వార్త చూసిన టైమ్ ఒకటి, అధికారికంగా కదిలిన టైమ్ ఒకటి, రెండూ ఎడ్మంటన్ టైమ్‌లోనే. తేదీ ఒక్కటే ఉంటే షీట్ ఎర్రగా మారేలా కూడా పెట్టా. తర్వాతి పని ఎల్‌టీఐఆర్, ఎక్కువ రోజులు ఆడలేని ఆటగాడికి బదులు ఇంకొకర్ని తెచ్చుకునేందుకు క్యాప్ దాటనిచ్చే గాయాల జాబితా. డాలస్‌తో ఆటలో మణికట్టు దెబ్బతిన్న హైమన్ వరస కోసం దాన్ని విడిగా కట్టాలి, ఎందుకంటే ఎల్‌టీఐఆర్ ఊరట వాడుకునే రోజుల్లో ఖాళీ దాచుకోవడం అనేది ఉండదు, పైన చెప్పిన మార్చి లెక్క ఆ రోజులకు పనిచేయదు. 2025-26 నుంచి రూలు కూడా మారింది, తిరిగొచ్చే అవకాశం ఉన్న ఆటగాడి మీద దొరికే ఊరట లీగ్ సగటు జీతం దాటదు, ప్లేఆఫ్స్‌లో ఆ రాత్రి బరిలోకి దిగే ఇరవై మంది జీతాలు క్యాప్‌లో పట్టాలి. 2021లో టాంపా ఆటగాడు కుచెరోవ్ సీజన్ అంతా ఆ జాబితాలో కూర్చుని ప్లేఆఫ్స్‌కు వచ్చి టాంపాతో కప్పు ఎత్తించాడు, అది ఇక కుదరదు. నాకు ఈ మార్పు చాలా నచ్చింది.

ఆదివారం మూడు స్కోర్‌షీట్లు చూశాక ఏం తేలిందో రాస్తా. మంగళవారం ఆట పొద్దున ఏడున్నరకే, బస్సు తొమ్మిదింటికి, రెండో పీరియడ్ దాకా చూడొచ్చు.