ఎర్ర చాక్‌పీసు

బోర్డు మీద గ్రాఫ్ గీయాల్సి వచ్చిందంటే నాకు పండగే. స్కూల్లో ఇచ్చే తెల్ల చాక్‌పీసులు చాలవని రంగులవి సొంత డబ్బులతో కొనుక్కుంటాను. ఖమ్మం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల సార్‌ని. పదహారేళ్ల సర్వీసులో నా బోర్డు చూసి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు మెచ్చుకోకుండా వెళ్లలేదు. ఈ గొప్ప ఎందుకు చెప్పుకుంటున్నానంటే, అదెక్కడ దిగిందో కూడా చెప్పాలి కాబట్టి.

పోయినేడు పదో తరగతికి రేఖీయ సమీకరణాల జత చెబుతున్నాను. ఎక్స్ + వై = 5 ఎర్ర గీత. 2ఎక్స్ - వై = 4 ఆకుపచ్చ గీత. రెండూ (3, 2) దగ్గర కలుస్తాయి. కిటికీ పక్కన కూర్చునే అబ్బాయిని లేపి, ఎర్ర గీత వై అక్షాన్ని ఎక్కడ ఖండిస్తోందో వచ్చి చూపించమన్నాను. వచ్చాడు. వేలు తీసుకెళ్లి -4 దగ్గర పెట్టాడు. "ఎర్రది రా" అన్నాను. కాసేపు చూసి మళ్లీ అక్కడే పెట్టాడు. క్లాసంతా ఒకటే నవ్వు. నేను కూడా ఊరుకోలేదు, "కళ్లెక్కడ పెట్టుకున్నావురా" అని కూర్చోబెట్టాను.

ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. వాడు మాత్రం ఏమీ అనలేదు.

రెండు వారాల తర్వాత నోటుపుస్తకాలు దిద్దుతుంటే వాడి పుస్తకంలోంచి రెండు స్కెచ్ పెన్నులు జారి పడ్డాయి. మూతల మీద చిన్న కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. ఒకదాని మీద "ఎ", ఇంకోదాని మీద "ఆ". ఎవరంటించారురా అంటే తల దించుకుని "చెల్లి, సార్" అన్నాడు. ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. ఆరో తరగతి నుంచి మా బడిలోనే చదువుతున్నాడు. వాడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదన్న సంగతి ఇన్నేళ్లలో తెలిసింది వాడి చెల్లెలికొక్కదానికే.

వాళ్లమ్మను పిలిపించాను. ఆమెకు ఆశ్చర్యమేమీ లేదు. "మా తమ్ముడు కూడా గంతే సారూ. మిర్చి ఏరను తీసుకపోతే ఎర్రకాయతో పాటు పచ్చికాయ కూడా తెంపేటోడు. రైతులు తిడితే, వాడు ఇగ ఆ పనికే పోలే" అంది. మా వైపు మిర్చి ఏరడం రాని మనిషంటే సోమరిపోతు కిందే లెక్క.

స్టాఫ్ రూంలో ఈ మాట చెబితే బయాలజీ మేడం ఒక చిత్తుకాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుందట. తల్లికి తేడా ఏమీ కనిపించదు, కానీ ఆమె నుంచి కొడుక్కి వస్తుంది. మేనమామ పోలిక అని ఊరికే అనలేదన్నమాట. ప్రతి కొడుక్కీ వచ్చే అవకాశం సగం సగం. వీడి తమ్ముడికి రంగులన్నీ శుభ్రంగా తెలుస్తాయి.

మరి నేనేం చేశాను? గొప్ప పనేం కాదు. ఒక గీత మామూలుగా, రెండోది చుక్కల గీతగా వేయడం మొదలుపెట్టాను, ప్రతి గీత పక్కన దాని సమీకరణం రాశాను. రంగు కావాలనిపిస్తే పసుపు, నీలం. దీంతో అనుకోకుండా ఇంకో సంగతి బయటపడింది. నేను రంగుల్లో గీసిచ్చే బొమ్మల్ని జిరాక్స్ తీయిస్తే రెండు గీతలూ నల్లగానే వస్తాయి కదా! ఇన్నేళ్లూ ఆ జిరాక్సులు పట్టుకుని పిల్లలంతా ఏది ఏదో తెలియక తంటాలు పడ్డారు. ఒక్కరూ అడగలేదు. లెక్కల సార్‌ని అడిగే ధైర్యం ఎవరికుంటుంది లెండి.

అదే క్లాసులో చెవి మిషన్ పెట్టుకునే అమ్మాయి ఉంది. మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత సెంటర్ నుంచి వచ్చే మేడం ఒకరోజు వెనక బెంచీలో కూర్చుని నా క్లాసు విన్నారు. బయటికొచ్చాక, "సార్, మీరు బోర్డుతో మాట్లాడుతున్నారు" అన్నారు. రాస్తూ చెప్పడం నా అలవాటు. ఆ పిల్ల సగం చెవితో, సగం నా పెదవులతో వింటుంది. నేను వెనక్కి తిరిగితే సగం పాఠం పోయినట్టే. ముందు రాసి, తర్వాత తిరిగి చెప్పడం వినడానికి సులువే కానీ, నాకు అలవాటు కావడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పటికీ మరిచిపోతాను. అప్పుడు ఆ పిల్ల పెన్ను మూతతో బెంచీ మీద టక్‌మని కొడుతుంది. మా ఇద్దరి ఒప్పందం అది.

ఎనిమిదో తరగతిలో ఇంకో అబ్బాయి. మూడు వందల అయిదు రాయమంటే 3005 అని రాస్తాడు. అశ్రద్ధ అనుకుని ఇంపోజిషన్ ఇచ్చిన రోజులున్నాయి. నిజానికి వాడు విన్నది విన్నట్టే రాస్తున్నాడు: మూడు వందలు, అంటే 300. ఆ పక్కన అయిదు. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి 300 ఒక అట్ట మీద, 5 దాని మూడో వంతున్న అట్ట మీద రాశాను. చిన్న అట్టను పెద్దదాని కుడి చివర ఉన్న సున్నా మీద పెడితే 305 అవుతుంది. వాడు దాన్ని తీస్తూ పెడుతూ చాలాసేపు చూశాడు. "సున్నా కిందనే ఉందా సార్?" అన్నాడు. ఉంది నాయనా, కిందే ఉంది. ఈ అట్టలు చిన్నపిల్లల సరుకని మిగతావాళ్లు నవ్వుతారని ఇంటర్వెల్‌లో మాత్రమే తీస్తాం. నాలుగు నెలలకి ఆ తప్పు తగ్గింది, పోలేదు. కూడికలు గళ్ల పుస్తకంలోనే చేస్తాడు, గడికో అంకె.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బందులు కూడా వాటిలో ఒకటి. ఎర్రా పచ్చా తేడా తెలియకపోవడం ఆ జాబితాలో లేదు. ఉన్నవాళ్లకి సర్టిఫికెట్ కావాలి. ఈ ఎనిమిదో తరగతి పిల్లవాడి నాన్నకి ఆ మాట చెబితే, "మావోడికి ఆ ముద్ర వద్దు సారూ" అని లేచి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పు పట్టలేను. బీఈడీలో "వైయక్తిక భేదాలు" మీద పేజీలు పేజీలు రాసి పాసైన నాకే ఇన్నేళ్లు పట్టింది.

సంక్రాంతి సెలవుల ముందు పదో తరగతికి సంభావ్యత మొదలుపెట్టాను. ఒక గుడ్డ సంచిలో 3 ఎర్ర గోలీలు, 5 ఆకుపచ్చ గోలీలు వేసి తెచ్చాను. బుద్ధి ఎక్కడికి పోయిందో, పాఠం సగంలో గానీ గుర్తురాలేదు. ఎర్ర గోలీ వచ్చే సంభావ్యత ఎంత? 3/8 అని అందరూ అరిచారు. కిటికీ పక్క నుంచి చెయ్యి లేచింది.

"సార్, నేను తీస్తే?"

క్లాసు నిశ్శబ్దం. నా చేతిలో సంచి అలాగే ఉండిపోయింది.

"ఎనిమిదీ ఒకటే రంగు కదా సార్ నాకు. 8/8. నాకు ఖాయంగా వస్తది" అన్నాడు.

ఈసారి నవ్వు వాడితోనే మొదలైంది.