మాధవమాలకు మా బొమ్మల బృందం

మా తిరుపతి బొమ్మల క్లబ్ వాళ్ళం అందరం కలిసి, చెక్క బొమ్మలు చెక్కే ఊరు మాధవమాల వెళ్ళొచ్చాం. రేణిగుంట దాటి శ్రీకాళహస్తి వైపు వెళ్తే ఏర్పేడు వస్తుంది, ఆ మండలంలోదే ఈ ఊరు. ఏర్పేడు దాకా రైలు, అక్కడి నుంచి ఆటోలు. తెచ్చుకున్న పులిహోర రేణిగుంటలోనే అయిపోయింది.

ఊళ్ళోకి వెళ్తుంటేనే ఉలి చప్పుడు వినిపించింది. అరుగుల మీదా రేకుల షెడ్ల కిందా సగం చెక్కిన వేంకటేశ్వరస్వామి విగ్రహాలు, రెక్కలు ఇంకా విప్పని గరుడ వాహనాలు. మేం ఆగిన ఇంట్లో ఒక పెద్దాయన పాదాల మధ్య చెక్క బిగించి పట్టుకొని అమ్మవారి ముఖం చెక్కుతున్నారు. ముందు ముక్కు తేల్చి, ఆ తర్వాతే కళ్ళకు వచ్చారు. "ముక్కు కుదిరితే కళ్ళు ఎక్కడ పెట్టాలో అదే చెప్తుందమ్మా" అన్నారు, ఉలి ఆపకుండానే.

నేనొక్కదాన్నే వెళ్ళుంటే ఆ ముఖమే చూసి వచ్చేసేదాన్ని. మాలో రిటైరైన టీచరమ్మ ఒకరున్నారు, ఆవిడ ఏ బొమ్మ తీసుకున్నా ముందు వెనక్కి తిప్పుతారు. జడ ఎలా అల్లారు, చీర కుచ్చెళ్ళు వెనక వైపు తెగిపోకుండా సాగాయా అని చూస్తారు. మా అన్న ఒకాయన వడ్రంగం తెలిసిన ఇంటివాడు, ఆయన చూపంతా చెక్క చారల మీదే. చార నిలువుగా ఉంటే మెడ దగ్గర విరగదట. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి చెక్కతో చేతులూ కాళ్ళూ విడిగా చేసి అతికిస్తారు. మన తిరుపతి రాజారాణి బొమ్మలు ఒకే దుంగలో పుడతాయి, అందుకే చేతులు ఒంటికి అంటుకొని ఉంటాయని ఆయన చూపించాకే గమనించాను. క్లబ్‌లో చేరినందుకు నాకు దొరికిన అసలు సంతోషం ఇదే. ఒక్కొక్కరి పక్కన నిలబడితే అదే బొమ్మ ఒక్కోలా కనిపిస్తుంది.

మాలో ఒకమ్మాయి వాళ్ళ అవ్వకు పెళ్ళిలో పెట్టిన ఎర్రచందనం జత తెచ్చింది. మరపాచి బొమ్మలు, అంటే ఈ రాజారాణి జతే. రాణి ముక్కు పూర్తిగా అరిగిపోయింది, పిల్లల చేతుల్లో తరాలుగా ఆడింది మరి. కొత్తగా ముక్కు చెక్కించాలన్నది ఆమె ఆశ. పెద్దాయన దాన్ని అరచేతిలో పెట్టుకొని బరువు చూశారు. ఎర్రచందనం చేవ నీళ్ళలో వేస్తే మునిగేంత బరువుంటుంది. శేషాచలం కొండలూ ఆ చుట్టుపక్కల అడవులూ దాటితే ఎక్కడా సహజంగా పెరగని చెట్టు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా నియంత్రణ ఉంది. ఇలాంటి చెక్క ఇప్పుడు అంత తేలిగ్గా దొరకదు. ఆయన మాత్రం చెక్క సంగతి ఎత్తలేదు. "ముక్కు చెక్కాలంటే చుట్టూ ముఖమంతా తగ్గించాలి. మీ అవ్వ చూసిన ముఖం ఉండదు" అన్నారు. టీచరమ్మ కూడా వద్దనే అంది. ఆ అమ్మాయి కాసేపు బొమ్మను అటూ ఇటూ తిప్పి, తిరిగి పాత చీర ముక్కలో చుట్టేసింది. నాకు ప్రాణం కుదుటపడింది.

నేను టేకుతో చేసిన చిన్న జత కొనుక్కున్నాను, రంగు లేనిది. అన్న చారలు చూశాడు, టీచరమ్మ వెనక్కి తిప్పి తలూపింది. ఆ తలూపుతోనే ధర గురించి నా టెన్షన్ పోయింది.

తిరుగు రైల్లో ఒకటే వాదన. దసరా కొలువులో రాజారాణికి పట్టు గుడ్డ కట్టాలా, చెక్కిన చీరే కనిపించేలా వదిలేయాలా అని. మా అమ్మ వాళ్ళ వైపు కట్టడం ఆనవాయితీ. టీచరమ్మ వదిలేయాలంటుంది, అంత పనితనాన్ని గుడ్డతో కప్పడమేంటని. తిరుపతి వచ్చినా అది తేలలేదు. ఈసారి కొలువు మా ఇంట్లో కాబట్టి గుడ్డ కట్టి ఒక జత, కట్టకుండా ఒక జత పెడుతున్నాను.