ఫిలదెల్ఫియలో ఒక గ్లాసు టీ

టర్కీ నుంచి వచ్చి ఐదు రోజులైంది, కాళ్ళ వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు, కానీ ఇప్పుడే రాసేయాలనిపించింది. నిరుడు మా ఆయనకి గుండె ఆపరేషన్ అయినప్పుడు సంఘంవాళ్ళు వంతులేసుకుని ఆసుపత్రి వరండాలో పడుకున్నారు, ఆటో నడిపే ఒక తమ్ముడైతే రక్తమిచ్చి ఆ సాయంత్రమే మళ్ళీ బండెక్కాడు. ఆయన లేచి తిరిగితే బైబిల్లో ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల ఊళ్ళకీ వెళ్ళి స్తుతులు చెల్లిస్తానని అప్పుడే మొక్కుకున్నాను. దేవుడు లేపాడు.

ఎఫెసు గురించి ఏం చెప్పను, ఎక్కడ చూసినా బస్సులూ గొడుగులూ సెల్ఫీలే, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుందామంటే వెనక నుంచి తోసేశారు, ఏడుపొచ్చింది.

ఫిలదెల్ఫియ అంటే సహోదర ప్రేమ. అన్నని ప్రేమించిన అట్టాలస్ రాజు బిరుదే ఊరి పేరైంది. ఇప్పుడది అలషెహిర్, ఇజ్మీర్ నుంచి సుమారు 130 కిలోమీటర్లు. ఇళ్ళ మధ్యలో యోహాను పేరిట కట్టిన పాత గుడి స్తంభాలు మాత్రం మిగిలాయి, కింద రాయి, పైన ఎర్రటి ఇటుక. జయించినవాణ్ణి ఆలయంలో స్తంభంగా చేస్తానన్న మాట ఈ ఊరికి రాసిందే కదా! అరచెయ్యి ఆనించాను, ఎండకి కాలిపోతోంది, తీయబుద్ధి కాలేదు.

ఇజ్మీరే ఆనాటి స్ముర్న. క్రీ.శ. 155 ప్రాంతంలో అక్కడ ఆ ఊరి బిషప్ పొలికార్పుతో పాటు విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళలో ఫిలదెల్ఫియ విశ్వాసులున్నారు, ఆయన పన్నెండోవాడట. మేము ఏసీ బస్సులో వచ్చిన వైపుకే వాళ్ళు వెళ్ళింది చావుకి.

ఫిలదెల్ఫియలో ఆ స్తంభాల దగ్గరే మోకాలు పట్టేసి కూలబడ్డాను. మావాళ్ళు ఫోటోల హడావిడిలో ముందుకెళ్ళిపోయారు. ఎదురుగా టీ కొట్టాయన పరుగున వచ్చి "అబ్లా, అబ్లా" అంటూ నీడలో కుర్చీ వేసి, గ్లాసుడు టీ, పళ్ళెంలో ద్రాక్షపళ్ళు పెట్టి, మోకాలికి తడిగుడ్డ కూడా తెచ్చిచ్చాడు. డబ్బులివ్వబోతే గుండె మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. అబ్లా అంటే అక్క అని గైడు చెప్పాక ఇంక ఆగలేదు, అందరి ముందే ఏడ్చేశాను. మాటలు రాని నేను ఆ అన్నకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాను.

వచ్చేటప్పుడు ఒక పొట్లంలో ఎండుద్రాక్ష కట్టి చేతిలో పెట్టాడు. ఇంకా విప్పలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆటో తమ్ముడికివ్వాలి.