అమ్మానాన్నల పాలసీ కాగితాలు, ఒక తరుగు లెక్క

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో 34 ఏళ్లు గుమాస్తాగా పని చేశారు. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, తరుగు కింద తూకంలో ఎంత పోయింది, కూలి ఎంత, కమిషన్ ఎంత అన్నది కాగితం చూడకుండా చెప్పేవారు. ఇప్పుడు ఆయనకు 71, అమ్మకు 66. పింఛను లేదు. పై వాటా మీద వచ్చే అద్దె, బ్యాంకు వడ్డీ, అంతే. అంత లెక్క తెలిసిన మనిషి దగ్గర ఆరోగ్య బీమా మాట ఎత్తితే చాలు, లేచి వెళ్లి కుండీల్లో మొక్కలకు నీళ్లు పోసేవారు. అమ్మ అయితే "పండగ పూట ఆసుపత్రుల మాటలేమిటే" అని నా నోరు మూయించేది.

నేనూ గట్టిగా పట్టుకోలేదు. హైదరాబాదులో నేను 2023లో చేరిన కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలో వాళ్లిద్దరి పేర్లూ ఉన్నాయి కదా అన్న ధీమా. మొన్న ఆగస్టులో నా పక్క సీటు ఆవిడకు ఉద్యోగం పోయింది. జీతం మాట ఆమె ఎత్తనే లేదు. వాళ్ల నాన్నగారికి డయాలసిస్ నడుస్తోంది, ఆ ఖర్చంతా కంపెనీ పాలసీ మీదే. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారడానికి వీలుంటుందని, ఆ సంగతి ఉద్యోగం వదలకముందే అడగాలని ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని తెలుసుకున్నాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఉద్యోగం ఉన్నంత వరకే మా అమ్మానాన్నలకు బీమా ఉంటుందన్న సంగతి అంతవరకు నా మనసుకు తట్టలేదు.

దసరాకు గుంటూరు వెళ్లినప్పుడు మర్నాడు ఉదయం, కాఫీలు అయ్యాక, మళ్లీ మొదలు పెట్టాను. ఈసారి నేను కొత్త పాలసీల గురించి మాట్లాడలేదు. "నాన్నా, 2022లో మీ హెర్నియా ఆపరేషన్ బిల్లు దాచారా?" అని అడిగాను. ఆయన నా మొహం వంక ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లి రెక్సిన్ సంచీ తెచ్చారు. బిల్లు, బీమా సంస్థ పంపిన కాగితం, రెండూ ఒకే గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. మూడేళ్లుగా ఆయన మనసులో ఏం గుచ్చుకుని ఉందో అప్పుడు అర్థమైంది.

మొత్తం బిల్లు 1,14,000. వాళ్లు ఇచ్చింది 65,000. 2009 నుంచి ఒక్క ఏడాది తప్పకుండా ప్రీమియం కట్టిన మనిషికి అది అవమానంలా తోచింది. "2 లక్షల పాలసీ ఉండగా లక్షా 14 వేలకు 49 వేలు కోత పెట్టారు. ఇంక బీమా ఎందుకు తల్లీ?" అన్నారు. ఆసుపత్రిలో గానీ, బీమా సంస్థలో గానీ, ఆ పాలసీ అమ్మిన ఏజెంటు గానీ, ఆ కోత ఎలా వచ్చిందో ఆయనకు ఒక్కరూ విడమరచి చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది అదే.

గోడకున్న క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి, వెనక వైపు లెక్క వేశాం. ఆయన పాలసీలో గది అద్దెకు పరిమితి ఉంది: బీమా మొత్తంలో రోజుకు 1 శాతం, అంటే 2,000. ఆయన తీసుకున్న గది 4,000. మూడు రోజుల అద్దె 12,000లో 6,000 ఇచ్చారు. అంతటితో ఆగితే బాధ లేదు. గది పరిమితి దాటితే ఆ దామాషాలోనే సర్జను ఫీజు, థియేటరు, నర్సింగు ఖర్చులు కూడా తగ్గిస్తారు, ఎందుకంటే చాలా ఆసుపత్రుల్లో గది స్థాయి పెరిగితే ఆ చార్జీలూ పెరుగుతాయి. ఆ 80,000లో సగం పోయింది. మందులకు ఈ కోత వర్తించదు కాబట్టి 22,000లో గ్లౌజుల వంటివి మినహాయించి 19,000 ఇచ్చారు. ఆరు, నలభై, పంతొమ్మిది. అరవై అయిదు.

నాన్న పెన్ను మూత పెట్టి చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చున్నారు. "గది దగ్గర పడిన తరుగు సరుకంతటికీ పడిందన్నమాట" అన్నారు. కాసేపాగి, "ఆ ఏసీ గది మీ అమ్మ కోసం తీసుకున్నాను. రాత్రిళ్లు తనే కదా నా దగ్గర పడుకోవాల్సింది, మే నెల ఎండలు" అన్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ మాట ఆమెకూ అప్పుడే తెలిసింది.

ఆ కాగితం తర్వాత నాన్న మొక్కల దగ్గరికి వెళ్లలేదు.

నాన్న సంగతి తేలికగానే తేలింది. 70 ఏళ్లు నిండిన వాళ్లందరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం 2024 అక్టోబరు 29 నుంచి ఇస్తున్నారు. ఆయుష్మాన్ వయ వందన కార్డు అంటారు. ముందు నుంచి ఉన్న జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, సొంత పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. నాన్న మొదట ఒప్పుకోలేదు. "మనకన్నా లేనివాళ్ల వంతు మనం తినేసినట్టు కాదా?" అని అడిగారు. అలా అడిగే తండ్రి ఉన్నందుకు నాకు గర్వంగానే ఉంది, అయినా కార్డు తీసుకోవాలని పట్టుబట్టాను. ఇది వయసును బట్టి అందరికీ ఇచ్చే హక్కు అని చెప్పాక ఆధార్ కార్డు తెచ్చారు. జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో, చేరి చేయించుకునే వైద్యానికే అది పని చేస్తుంది. అందుకే పాత పాలసీని కూడా తన మటుకు ఉంచుకుంటానన్నారు, గది మాత్రం ఈసారి 2,000 లోపే అన్నారు.

అమ్మకు ఇంకా నాలుగేళ్లు తక్కువ. కష్టమంతా అక్కడే వచ్చింది.

కొత్త పాలసీకి దరఖాస్తు పెట్టాలంటే ఏయే మందులు వాడుతున్నారో రాయాలి. అమ్మ మాత్రల డబ్బా తెచ్చి ముందు పెట్టుకున్నాను. షుగరు 2014లో బయటపడింది, రోజుకు రెండు మాత్రలు రాశారు డాక్టరు. ఆగస్టు నెలాఖరులో కొన్న నెల మాత్రలు అక్టోబరు 3న ఇంకా రెండు అట్టలు నిండుగా ఉన్నాయి. మూడో అట్టలో ఇంకా నాలుగు మాత్రలు మిగిలాయి. నేను లెక్క పెడుతుంటే అమ్మ చూపు తిప్పుకుంది. "రాత్రిది వేసుకోవడం లేదు. ఒకటి వేసుకుంటే సరిపోతోంది. మందులకు ఇన్సూరెన్స్ ఇవ్వదటగా, నెల నెలా ఎందుకు అంత?" అంది. ఎన్నాళ్ల నుంచి అంటే చెప్పలేదు. ఆ మాత్ర ధర మా ఇంట్లో వారానికి వాడే పాల ఖర్చంత కూడా ఉండదు. నేను ప్రతి ఆదివారం ఫోను చేసి "అమ్మా, మందులు వేసుకుంటున్నావా?" అని అడుగుతాను, ఆమె ప్రతి ఆదివారం వేసుకుంటున్నానంటుంది. ఒకటి వేసుకుంటోంది కాబట్టి అది అబద్ధం కూడా కాదు.

ఆ మధ్యాహ్నం బీమా పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాం. మూడు నెలల సగటు షుగరు పరీక్ష చేయించాం. పెరిగే ఉంది. డాక్టరు తిట్టలేదు, మళ్లీ రెండు మాత్రలూ వేసుకోమని, ఖర్చు గురించి బెంగ ఉంటే జన ఔషధి దుకాణంలో అవే మందులు చవకగా దొరుకుతాయని చెప్పారు.

అమ్మ పేరు కూడా నాన్న పాత పాలసీలోనే ఉంది. ఇన్నేళ్లు కట్టిన లెక్క పోకుండా ఆమె పాలసీ వేరే సంస్థకు మార్చుకోవాలంటే పునరుద్ధరణ తేదీకి కనీసం 45 రోజుల ముందే కొత్త సంస్థకు దరఖాస్తు అందాలి. మాది డిసెంబరు 2. అంటే అక్టోబరు 18 గడువు, చేతిలో పదిహేను రోజులు. పాత ఏజెంటుకు ఈ సంగతి తెలిసి ఫోను చేశారు. "షుగరు రాయకమ్మా, రాస్తే తీసుకోరు" అన్నారు. అమ్మ కూడా అదే మాట పట్టుకుంది. నేను ఒప్పుకోలేదు. బీమా సంస్థ పాలసీని తిరగదోడకూడదంటే అది 60 నెలలు ఆగకుండా సాగి ఉండాలి, ఆ పైన కూడా మోసం అని రుజువైతే వదలరు. బీమా మొత్తం పెంచుకుంటే ఆ పెంచిన భాగానికి గడువు మళ్లీ మొదటి నుంచి. షుగరు దాచి పెట్టి తీసుకున్న పాలసీ, సరిగ్గా షుగరు వల్ల ఆసుపత్రిలో పడిన రోజునే చేతులెత్తేస్తుంది. ఇది అమ్మకు నాన్న చెప్పారు, నేను కాదు. "సరుకు తడి ఉంటే ముందే చెప్పి అమ్మాలి. కాటా మీద పెట్టాక బయటపడితే మొత్తం లాటు వెనక్కి వస్తుంది" అన్నారు. అమ్మ సరేనంది.

మొదటి సంస్థ వద్దని రాసింది. అమ్మ మొహం చిన్నబోయింది, నాకూ ఒక పూట భయం వేసింది. రెండో సంస్థ రక్త పరీక్షలు, ఈసీజీ అడిగి ఒప్పుకుంది. పాత 2 లక్షల మేరకు ఇన్నేళ్లు కట్టిన లెక్క కలిసొస్తుంది. 5 లక్షలు చేయడానికి పెంచిన 3 లక్షలకు మాత్రం షుగరు సంబంధమైన జబ్బుల విషయంలో నిరీక్షణ కాలం ఉంటుంది, అంటే అన్నాళ్లు వాటికి డబ్బు ఇవ్వరు. 2024 నుంచి అది మూడేళ్లకు మించకూడదు.

నేను అప్పటికే ఆరు పాలసీలు పోల్చి పట్టిక గీసుకున్నాను. 10 లక్షలది, కో-పే (బిల్లులో కొంత వాటా మనమే కట్టుకోవడం) లేనిది నా ఎంపిక. అమ్మ ఆ పట్టిక చూడలేదు. రెండే ప్రశ్నలు అడిగింది. "మన ఇంటికి దగ్గర ఆసుపత్రిలో పని చేస్తుందా?" మొదటిది. నన్ను హైదరాబాదు తీసుకుపోవద్దు, నీ ఇంట్లో పగలంతా నాకు పలకరించే మనిషి ఉండదు అంది. నా ఎంపికలోని సంస్థకు మా వైపు ఆసుపత్రుల్లో ఆమె నమ్మేది ఒక్కటీ లేదు. పట్టికలో ఆ గడే నేను పెట్టలేదు.

రెండోది: "నూటికి 20 మనం కట్టుకునేట్టయితే ప్రీమియం ఎంత తగ్గుతుంది?" తగ్గే మొత్తం చెప్పాను. "అయితే అదే తీసుకో. ఆ 20 నా దగ్గర ఉంది" అంది. చీటీ డబ్బు, నాకు తెలియకుండా కూడబెట్టింది. మందు మాత్ర మానేసిన మనిషే ఆసుపత్రి ఖర్చుకు తన వంతు దాచి పెట్టుకుంది. నేను వాదించబోయాను. నాన్న చేత్తో ఆగమన్నారు. అది ఆమె డబ్బు, ఆమె ఒళ్లు. కో-పే ఉన్నదే తీసుకున్నాం, 5 లక్షలకు, ఒక మనిషి గదికి పరిమితి లేనిది. ధర కాగితం చూసి నాన్న "పన్ను వరస రాయలేదే?" అని అడిగారు. సొంత ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారని చెబితే, పాత రసీదు పక్కన పెట్టి రెండుసార్లు కూడి చూసుకున్నారు.

హైదరాబాదు బయలుదేరే ముందు అమ్మ చేత బీమా సంస్థ ఫోను నంబరుకు తనే ఫోను చేయించాను. తెలుగుకు ఏ అంకె నొక్కాలో విని నొక్కింది. రాత్రి పూట ఒక్కదాన్నే ఉంటే ఆసుపత్రిలో ముందు ఏం చూపించాలి అని అడిగింది, వాళ్లు చెప్పింది బీరువా తలుపు లోపలి వైపు తన చేతిరాతతో రాసి అంటించుకుంది. మాత్రల అట్టల మీద ఇప్పుడు నాన్న తేదీలు వేస్తున్నారు.

డిసెంబరు మొదటి వారంలో పాలసీ పుస్తకం వచ్చింది. నచ్చకపోతే వెనక్కి ఇవ్వడానికి 30 రోజులు గడువు. ఫోను చేసి "అంతా బాగానే ఉంది కదా నాన్నా?" అని అడిగాను. "ఇంకా పద్నాలుగో పేజీలో ఉన్నాను, చదవనివ్వు" అన్నారు. వెనక నుంచి అమ్మ, ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టారని ఆయన్ని అడుగుతోంది.