ఆవకాయ రోజు నడక

ఇవాళ పొద్దున స్టేడియంకి వెళ్లలేదు. మామిడికాయలు రాత్రే తెచ్చారు. కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు కొట్టి, జీడీ పొరా తీసేసరికే ఎండెక్కిపోయింది. మే నెలలో గుంటూరు ఎండ సంగతి తెలిసిందే. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం ట్రాక్ మీద కూడా ఏడు దాటితే జనం పలచబడతారు.

కారం చేతులు కడుక్కుని ఫోన్ చూస్తే, మా నడక గ్రూపులో కొరిటెపాడు వదిన మెసేజ్: "ఏమ్మా, ఇవాళ కనపడలేదు, ఒంట్లో బాగానే ఉందా?" అడుగులు లెక్కపెట్టే యాప్ కూడా నడవమని రోజూ గుర్తు చేస్తుంది కానీ, దాన్ని వేలితో పక్కకి తోసేస్తాం. వదినకి మాత్రం జవాబు చెప్పాలి. ఆవకాయ సంగతి చెప్పాను. "అయితే రాత్రి అన్నం తిన్నాక వీధిలోనే ఓ పది నిమిషాలు నడువు, ఆ టైముకే నేనూ ఇక్కడ నడుస్తా" అంది. నాకు ఆ మాటే చాలు. వాట్సాప్ గ్రూపంటే గుడ్ మార్నింగ్ బొమ్మలే అనుకునేవాళ్లకి ఇది చెప్పాలనిపిస్తుంది.

మధ్యాహ్నం తెనాలి పిన్ని వాయిస్ మెసేజ్ వచ్చింది. పొద్దున డాబా మీద నడుస్తూ చేసినట్టుంది, చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని, ఎవరినో "కుళాయి కట్టెయ్" అని కేకేసి, మళ్లీ మొదలుపెట్టారు. చివర్లో "అయింది తల్లీ" అన్నారు. రెండుసార్లు విన్నాను.

ఎందుకంటే పిన్ని మధ్యలో గ్రూపులో మాట్లాడటమే మానేశారు. కొత్తగా చేరిన ఒకాయన రోజూ పన్నెండు వేల అడుగులు, పద్నాలుగు వేలు అని స్క్రీన్‌షాట్లు పెట్టేవారు. మంచి మనిషే, ఉత్సాహం కొద్దీ పెట్టేవారు. అది చూసి ఇంకొందరు పోటీకి దిగారు. నేను ఫోన్ చేస్తే, "మోకాళ్ల నొప్పులతో నేను నడిచేది వందల్లో, మీ వేల మధ్య ఏం పెట్టనే?" అన్నారు పిన్ని. నాకు చాలా బాధేసింది. నడక అందరికంటే ఎక్కువ అవసరమైన మనిషే సిగ్గుపడి తప్పుకుంటే ఇక గ్రూపెందుకు?

ఆ రాత్రే గ్రూపులో రాశాను. పదివేల అడుగులన్నది డాక్టర్లు పెట్టిన హద్దు కాదు, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరానికి అమ్మకాల కోసం పెట్టిన పేరులోంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది, వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ. అంత చెయ్యలేనివాళ్లు ఎంత చేసినా అసలు చెయ్యకపోవడం కంటే మేలే. ఒక్కసారిగా పది నిమిషాలైనా కదిలితేనే లెక్కన్న పాత షరతుని కూడా 2020 సూచనల్లో తీసేశారు. గ్రూపు పెట్టిన అన్నయ్య వెంటనే, "ఇకనుంచి అంకెలొద్దు, నడిచినవాళ్లు అయిందని పెడితే చాలు" అన్నారు. ఆ స్క్రీన్‌షాట్ల ఆయనే అందరికంటే ముందు ఒప్పుకున్నారు. మర్నాటి నుంచి పిన్నిని పేరుపెట్టి పలకరించేది కూడా ఆయనే.

రాత్రి చెప్పులేసుకుంటుంటే అత్తయ్య "నేనూ వస్తా పద" అన్నారు. ఆవిడకి షుగర్. తిన్నాక నడిస్తే కండరాలు రక్తంలోని చక్కెరని వాడుకుంటాయని చాన్నాళ్లుగా చెబుతున్నాను, ఇన్నాళ్లకి కదిలారు. బ్రాడీపేట వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకి, కుక్కల్ని తప్పించుకుంటూ, ఈసారి ఆవపిండి ఘాటు సరిపోతుందో లేదోనని మాట్లాడుకుంటూ తిరిగాం. వదిన అప్పటికే పెట్టేసింది. "మాదీ అయింది, ఇవాళ అత్తయ్య కూడా" అని నేనూ పెట్టాను. చప్పట్ల బొమ్మలు వరసగా వస్తుంటే అత్తయ్య కళ్లజోడు తెచ్చుకుని ఒక్కొక్కటీ ఎవరు పెట్టారో అడిగి మరీ చూశారు.

ఆవకాయ మూడో రోజు తిరగకలపాలి. అది సాయంత్రం చేసుకుందాం, పొద్దున స్టేడియం మానొద్దన్నారు అత్తయ్య.