రోడ్డు పని ఎన్ని గంటలు పడుతుంది?

సరుకు లారీల రాకపోకల లెక్క చూసే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను. ఆలస్యానికి కారణం రాయవలసిన చోట నేను తరచుగా రాసే మాట "రోడ్డు పని". రోడ్డును బాగుచేయడం తప్పని నేను ఎన్నడూ అనను. ఆ పని మొదలుపెట్టే సమయం గురించి, ముగించే తీరు గురించి మాత్రం చెప్పవలసినది ఉంది.

రహదారిని ఎక్కువగా దెబ్బతీసేది బరువైన లారీలేనని ముందుగా ఒప్పుకోవాలి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు జరిగిన పెద్ద రోడ్డు పరీక్షలో, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు అవుతుందని తేలింది. అధిక లోడుతో బండిని పంపే యజమాని రేపు తన లారీ నడవవలసిన దారినే పాడుచేసుకుంటున్నాడు.

అయితే గుంత పడటానికి బరువుతో పాటు నీరు కూడా కావాలి. పైపొరలోని సన్నని పగులు గుండా దిగిన వాన నీటితో కింది కంకర పొర నానుతుంది. చక్రం మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ నీరు సన్నని మట్టిని వెంటబెట్టుకుని పైకి చిమ్ముతుంది. అడుగున బోలు ఏర్పడి చివరకు పైపొర కుంగుతుంది. పగులుగా ఉన్నప్పుడే తారుతో పూడ్చితే కొద్ది గంటల్లో తీరే పని, కుంగిన తరువాత పొరలన్నీ తవ్వి, ఒక లేనును రోజుల తరబడి మూసివేయవలసిన పనిగా మారుతుంది.

వేగం అంటే హడావిడి కాదు. నీళ్లు నిలిచిన గుంతలో తారు కంకర పోసి, పైపైన తొక్కించి వెళ్లిపోతే అది త్వరలోనే లేచిపోతుంది, మళ్లీ అదే చోట లేను మూస్తారు. అంచులను నిలువుగా కోసి, గుంతను ఆరబెట్టి, పొరపొరగా రోలరుతో అణచిన అతుకే నిలుస్తుంది.

సమయానికి వెల కట్టిన ఉదాహరణ ఒకటి ఉంది. 1994 జనవరిలో వచ్చిన నార్త్‌రిడ్జ్ భూకంపానికి లాస్ ఏంజెలెస్‌లోని శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలినప్పుడు, గడువుకు ముందు మిగిల్చిన ఒక్కొక్క రోజుకు 2 లక్షల డాలర్ల బహుమానం ఇస్తామని గుత్తేదారుతో ఒప్పందం చేసుకున్నారు. పని గడువు కంటే 74 రోజుల ముందే పూర్తయింది. ఆ సొమ్ము ఎక్కువని అనిపించవచ్చు గాని, దారి మూసి ఉన్న ప్రతి రోజూ చుట్టుదారి పట్టిన వాహనాలన్నీ కాల్చే ఇంధనాన్ని కూడా లెక్కలో వేయాలి.

రవాణాదారుకు నిజమైన లాభం కచ్చితత్వంలో ఉంది. ప్రయాణం 10 గంటలని ముందే తెలిస్తే దానికి తగినట్టు డ్రైవరును, దించే కూలీలను, తిరుగు సరుకును ఏర్పాటు చేయగలం. 9 గంటలో 14 గంటలో తెలియనప్పుడు అందరినీ ముందుగా పిలిచి ఖాళీగా కూర్చోబెట్టవలసి వస్తుంది, గిడ్డంగిలో అదనపు నిల్వ ఉంచవలసి వస్తుంది. టైర్లు, స్ప్రింగులు ఎక్కువ కాలం మన్నడం, గాజు సామాను పగలకుండా చేరడం ఆ తరువాతి మాటలు. అందుకే ఏ లేనును ఏ రాత్రి ఎన్ని గంటలకు మూసి ఎప్పుడు తెరుస్తారో వారం ముందుగా ప్రకటించి, ఆ గంటకే తెరిస్తే, నేను బళ్లను దానికి తగినట్టు ముందో వెనకో బయలుదేరదీస్తాను.