మన డ్రాయింగు మాస్టారు, ఆల్బర్స్ చదరాలు

ఒంగోలు హైస్కూలు పిల్లలకు చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ పేరు ఎవరు చెబుతారు? మన డ్రాయింగు మాస్టారు చెప్పారు. పబ్లిక్ పరీక్షలో మార్కుల్లేని పీరియడది. అయినా ఆయన ఏనాడూ దాన్ని లెక్కల సారుకు వదిలిపెట్టలేదు.

మేం ఎనిమిదిలో ఉండగా ఓ రోజు మార్కాపురం పలక, తెల్ల డ్రాయింగు షీటు బల్ల మీద పెట్టారు. ఒకే బూడిదరంగు కాగితంలోంచి రెండు చదరాలు కత్తిరించి, పలక మీదొకటి, షీటు మీదొకటి ఉంచారు. "ఏదిరా ముదురు?" అన్నారు. షీటు మీదిదేనని అందరం అరిచాం. రెంటినీ తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టేసరికి క్లాసంతా గప్‌చుప్. "రంగు ఒంటరిగా ఉండదురా, పక్కదాన్ని బట్టి మారుద్ది" అన్నారు.

ఆ పాఠం ఆల్బర్స్‌దే. 1888లో జర్మనీలోని బొట్రోప్‌లో పుట్టారాయన. మొదట బడిపంతులు. 1920లో, 32 ఏళ్ల వయసులో, బౌహౌస్ అనే కళల బడిలో మళ్లీ విద్యార్థిగా చేరి, తర్వాత అక్కడే గురువయ్యారు. 1933లో నాజీల ఒత్తిడికి బౌహౌస్ మూతపడింది. ఇంగ్లీషు సరిగ్గా రాకుండానే, నేత కళాకారిణి అయిన భార్య ఆన్నీతో అమెరికా చేరి బ్లాక్ మౌంటెన్ కాలేజీలో, 1950 నుంచి యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు.

మనవాళ్లు పింఛను కాగితాలు సర్దుకునే వయసులో, 62 ఏళ్లకు, 'హోమేజ్ టు ది స్క్వేర్' (చదరానికి వందనం) అనే బొమ్మల వరస మొదలుపెట్టారు. చదరంలో చదరం, అందులో ఇంకో చదరం. 1976లో కన్నుమూసేదాకా అవే, వెయ్యికి పైగా. ఒకటే బొమ్మ కదా అనిపిస్తుంది, కాదు. హార్డ్‌బోర్డు అట్టకు తెల్లపూత వేసి, ట్యూబులోని రంగును కత్తితో నేరుగా పరిచేవారు. ఏ కంపెనీ ఏ రంగు వాడారో వెనకవైపు రాసుకునేవారు. నడిమి చదరంతో మొదలుపెట్టి బయటికి వచ్చేవారు. తలుపుకు రంగేసేటప్పుడు నడుమ నుంచి మొదలెడితే చొక్కా చేతులకు అంటదని తండ్రి నేర్పారట. ఆ ఇంటి పనితనం చివరి బొమ్మ దాకా ఆయన చేతిలో ఉండటం నాకెంతో ఇష్టం. 1971లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, బతికున్న చిత్రకారుడి జీవితకాల కృషి మీద తొలిసారిగా ప్రదర్శన పెట్టింది ఆయనకే.

కర్నూలు రోడ్డులో నా ప్రెస్సు నడిచేది ఆ చదరాల పాఠం మీదే. పెళ్లికార్డుకు నారింజ అక్షరాలు అడుగుతారు. మెరూన్ మీద పడితే అవే పసుపు తిరిగినట్టుంటాయి. అందుకే షేడు కార్డు చూపించి ఒప్పించను, అదే మెరూన్ మీద ప్రూఫు తీసి చేతికిస్తాను.

ఇప్పుడు మన బడిలో డ్రాయింగు పీరియడు పేరుకే ఉందని విన్నాను, బాధేసింది. మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం నిధిలో కొంత తీసి, వారానికో పూటైనా ఒక డ్రాయింగు మాస్టారిని పెట్టాలని కమిటీ పెద్దల్ని అడుగుతున్నాను. రంగు కాగితాలు, అట్టలు, కత్తెరలు ఏటా నా ప్రెస్సు నుంచి నేను పంపుతాను.